ఖతార్‌లో ఉన్నత విద్య, విద్యార్థి వీసా

ఖతార్‌లోని విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో చదువుకోవడానికి విదేశీయులకు ఆ దేశం ఇచ్చే ప్రవేశ వీసానూ, దాని వెంట వచ్చే నివాసానుమతినీ కలిపి వాడుకలో విద్యార్థి వీసా అంటారు. అమెరికాకో బ్రిటన్‌కో వెళ్ళే విద్యార్థి తన వీసాకు తానే దరఖాస్తు చేసుకుంటాడు, తన ఉద్దేశాన్ని తానే నిరూపించుకుంటాడు. ఖతార్‌లో ఆ బాధ్యత ప్రధానంగా సీటిచ్చిన విద్యాసంస్థది. అదే స్పాన్సర్‌గా నిలబడి ఆ దేశ హోం శాఖకు దరఖాస్తు పంపి వీసా తెప్పిస్తుంది. విద్యార్థి చేయవలసిన పని రెండు భాగాలు: సీటు సంపాదించడం, కాగితాలు సక్రమంగా సిద్ధం చేయడం. సీటు లేకుండా వీసా లేదన్నది ఈ వ్యవస్థకు మూలసూత్రం. తెలుగు కుటుంబాలు ఖతార్ చదువు గురించి ఆలోచించేటప్పుడు మొదట గుర్తుంచుకోవలసిందీ ఇదే.

నేపథ్యం

ఖతార్ పేరు తెలుగు నేలకు కొత్త కాదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచీ, కడప, గోదావరి జిల్లాల నుంచీ గల్ఫ్ దేశాలకు పనికోసం వలస వెళ్ళడం దశాబ్దాలుగా సాగుతోంది. నిర్మాణ కార్మికులు, డ్రైవర్లు, ఇంటిపని చేసే స్త్రీలు, నర్సులు, ఇంజినీర్లు దోహాలో కనిపిస్తారు. ఖతార్‌లోని విదేశీయుల్లో భారతీయులదే అతి పెద్ద సమూహం. అయితే మన ఊళ్ళలో ఖతార్ వీసా అంటే నేటికీ పని వీసాయే. చదువుకు కూడా ఆ దేశం వెళ్ళవచ్చన్న సంగతి తెలిసినవారు తక్కువ.

1971లో స్వతంత్ర దేశమైన ఖతార్ రెండేళ్ళకే, 1973లో, ఉపాధ్యాయ శిక్షణ కోసం ఒక విద్యా కళాశాలను తెరిచింది. తొలి ఏడాది 57 మంది పురుషులు, 93 మంది స్త్రీలు చేరారు. దాని నుంచే 1977లో ఖతార్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. చమురు, సహజవాయువుల ఆదాయం పెరిగాక ఆ సంపదలో కొంత చదువులోకి మళ్ళించాలన్న సంకల్పంతో 1995లో అప్పటి అమీర్ షేక్ హమద్ బిన్ ఖలీఫా అల్ థానీ, ఆయన భార్య షేఖా మోజా బింత్ నాసర్ ఖతార్ ఫౌండేషన్‌ను స్థాపించారు. దోహా శివార్లలోని అల్ రయ్యాన్‌లో ఆ ఫౌండేషన్ నిర్మించిన ఎడ్యుకేషన్ సిటీ 2003లో లాంఛనంగా ప్రారంభమైంది. పేరున్న విదేశీ విశ్వవిద్యాలయాల శాఖలను ఒకే ఆవరణలోకి రప్పించిన ఈ ప్రయత్నంతో ఖతార్‌కు విదేశీ విద్యార్థుల రాక పెరిగింది.

ప్రధాన విద్యాసంస్థలు

ఏ సంస్థలో చేరుతామన్నదాన్ని బట్టి ఫీజు, బోధనా భాష, హాస్టల్, వీసా సహాయం, చివరికి డిగ్రీ విలువ కూడా మారతాయి. ఖతార్‌లోని సంస్థలను స్థూలంగా మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటి రకం ఎడ్యుకేషన్ సిటీలోని విదేశీ శాఖలు. కళ, డిజైన్ నేర్పే వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయ శాఖ 1998లో అన్నిటికంటే ముందు వచ్చింది. వైద్యానికి వైల్ కోర్నెల్, ఇంజినీరింగ్‌కు టెక్సస్ ఏ అండ్ ఎం (2003), కంప్యూటర్ సైన్స్, బిజినెస్ చదువులకు కార్నెగీ మెలన్ (2004), అంతర్జాతీయ వ్యవహారాలకు జార్జ్‌టౌన్ (2005), జర్నలిజానికి నార్త్‌వెస్టర్న్ (2008) తరువాత చేరాయి. ఫ్రాన్స్‌కు చెందిన హెచ్‌ఈసీ పారిస్ దోహాలో మేనేజ్‌మెంట్ చదువులు నిర్వహిస్తోంది. వీటిలో బోధన ఇంగ్లీషులో సాగుతుంది. పట్టా మాతృసంస్థ పేరుమీదే వస్తుంది.

ఈ శాఖల్లో చేరేవారికి స్పష్టంగా తెలియవలసిన సంగతి ఒకటుంది. డిగ్రీ అమెరికాదే అయినా వీసా ఖతార్‌ది. దోహాలో చదవడానికి అమెరికా వీసా అక్కర్లేదు. ఒక సెమిస్టర్ కోసం ప్రధాన ప్రాంగణానికి వెళ్ళాలంటే మాత్రం అమెరికా వీసాకు విడిగా దరఖాస్తు చేయాలి. అమెరికాలో ఎఫ్-1 వీసాపై చదివినవారికి దొరికే ఓపీటీ పని అవకాశం దోహాలో పట్టా పొందినంత మాత్రాన రాదు. అక్కడి నుంచి అమెరికా ఉద్యోగానికి నేరుగా దారి ఉంటుందనుకుని చేరడం తగదు.

రెండో రకం ఖతార్ జాతీయ సంస్థలు. ఖతార్ విశ్వవిద్యాలయం వీటిలో పెద్దది. అక్కడ స్త్రీ పురుషులకు వేర్వేరు విభాగాలున్నాయి. ఇంజినీరింగ్, సైన్స్, వైద్యం వంటి రంగాల్లో ఇంగ్లీషు వాడతారు. 2012లో వచ్చిన ప్రభుత్వ నిర్ణయంతో న్యాయశాస్త్రం, బిజినెస్, మాస్ కమ్యూనికేషన్ వంటి కోర్సుల బోధన అరబ్బీకి మారింది. అందుచేత తెలుగు విద్యార్థి కోర్సు పేరుతో పాటు బోధనా భాషనూ చూసుకోవాలి. 2010లో ఏర్పడిన హమద్ బిన్ ఖలీఫా విశ్వవిద్యాలయం ఎడ్యుకేషన్ సిటీలోనే ఉంది. పీజీ, పరిశోధన విద్యార్థులకు ఇది ముఖ్యమైన గమ్యం. 2015లో మొదలైన దోహా గ్రాడ్యుయేట్ స్టడీస్ ఇన్‌స్టిట్యూట్ సామాజిక శాస్త్రాలకు పేరు పొందింది. 2002లో కెనడా కళాశాల శాఖగా మొదలైన సాంకేతిక విద్యాసంస్థ 2022లో దోహా సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయంగా మారి వృత్తి నైపుణ్యాల కోర్సులు నడుపుతోంది.

మూడో రకం విదేశీ విశ్వవిద్యాలయాలతో ఒప్పందం ఉన్న ప్రైవేటు కళాశాలలు. స్కాట్లండ్‌కు చెందిన అబర్డీన్ విశ్వవిద్యాలయ కోర్సులు 2017 నుంచి దోహాలో అందుతున్నాయి. పుణెలోని సావిత్రీబాయి ఫూలే విశ్వవిద్యాలయం 2021లో ఇక్కడ ప్రాంగణం తెరిచింది. ఖతార్‌లో ఉద్యోగం చేస్తున్న భారతీయుల పిల్లలకు ఇంటి దగ్గరే భారతీయ డిగ్రీ చదివే వీలు దీంతో కలిగింది.

విదేశీ శాఖలు శాశ్వతం కావు. లండన్ యూనివర్సిటీ కాలేజీ తన దోహా శాఖను 2020లో మూసివేసింది. టెక్సస్ ఏ అండ్ ఎం పాలకమండలి 2024 ఫిబ్రవరిలో ఓటు వేసి, 2028 నాటికి ఖతార్ శాఖను ముగించాలని తీర్మానించింది. స్పాన్సర్ అయిన సంస్థే వెళ్ళిపోతే వీసా ఆధారం కూడా పోతుంది. నాలుగేళ్ళ కోర్సులో చేరేవారు తమ బ్యాచ్ పట్టా పుచ్చుకునేదాకా సంస్థ ఉంటుందా అని లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవడం సబబు.

చట్టం

విదేశీయుల రాకపోకలు, నివాసాలను 2015 నాటి 21వ నంబరు చట్టం నియంత్రిస్తుంది. ఇది 2016 డిసెంబర్ 13న అమల్లోకి వచ్చి 2009 నాటి పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. నివాసం కోసం వచ్చే ప్రతి విదేశీయుడికీ ఖతార్‌లో ఒక స్పాన్సర్ ఉండాలన్నది దీని ప్రాతిపదిక. కార్మికుడికి యజమాని, భార్యాబిడ్డలకు ఉద్యోగం చేస్తున్న ఇంటిపెద్ద, విద్యార్థికి విద్యాసంస్థ స్పాన్సర్ అవుతారు.

విద్యార్థికి అండగా నిలిచే నిబంధనలూ ఈ చట్టంలో ఉన్నాయి. నివాసానుమతి పని పూర్తికాగానే పాస్‌పోర్టును దాని యజమానికి తిరిగి ఇచ్చేయాలి. దాన్ని అట్టే పెట్టుకోవడం నేరం, దానికి 25,000 రియాళ్ళ దాకా జరిమానా పడవచ్చు. గల్ఫ్‌లో పాస్‌పోర్టు కఫీల్ (స్పాన్సర్) చేతిలో చిక్కుకుపోయిన బాధలు ఎన్నో తెలుగు ఇళ్ళు చూశాయి. చదువుకు వెళ్ళే పిల్లలు తమ పాస్‌పోర్టు తమ దగ్గరే ఉండటం తమ హక్కని తెలుసుకుని విమానం ఎక్కాలి.

చుట్టపుచూపు వీసాకూ విద్యార్థి వీసాకూ ఉన్న తేడా ముఖ్యమైనది. 2017 ఆగస్టులో ఖతార్ 80 దేశాల పౌరులకు ముందస్తు వీసా అక్కర్లేని ప్రవేశాన్ని ప్రకటించింది. ఆ జాబితాలో భారత్ కూడా ఉంది. కానీ అది కొద్ది రోజుల సందర్శనకు ఇచ్చిన వెసులుబాటు మాత్రమే, కోర్సు చదవడానికి అనుమతి కాదు.

ప్రవేశం నుంచి వీసా వరకు

విద్యా సంవత్సరం ఆగస్టు చివర మొదలవుతుంది. ఎడ్యుకేషన్ సిటీ శాఖల్లో చేరాలంటే అంతకు ముందు ఏడాది శీతాకాలం నుంచే దరఖాస్తు పని మొదలుపెట్టాలి. జార్జ్‌టౌన్, నార్త్‌వెస్టర్న్, కార్నెగీ మెలన్ వంటివి అమెరికా కళాశాలలు వాడే ఉమ్మడి ఆన్‌లైన్ దరఖాస్తునే తీసుకుంటాయి. ఇంటర్ లేదా ప్లస్ టూ మార్కులు, ఇంగ్లీషు పరీక్ష స్కోరు, స్వయంగా రాసిన వ్యాసం, ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు చూస్తారు. పోటీ గట్టిదే. ఈఏపీసెట్ ర్యాంకు తెచ్చుకునే పద్ధతికి అలవాటు పడ్డ మన విద్యార్థులకు వ్యాసం, ఇంటర్వ్యూ కొత్త. పరీక్ష మార్కులకు ఎంత శ్రద్ధ పెడతారో వీటికీ అంతే శ్రద్ధ పెట్టాలి.

సీటు ఖాయమై, అంగీకార పత్రం పంపి, అడిగిన డిపాజిట్ కట్టిన తరువాత విద్యాసంస్థలోని ఇమ్మిగ్రేషన్ విభాగం పని మొదలుపెడుతుంది. సాధారణంగా పాస్‌పోర్టు స్కాన్, నిర్ణీత కొలతల్లో ఫోటో, జనన ధ్రువపత్రం, పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లు, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. పోలీస్ క్లియరెన్స్‌కు పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో దరఖాస్తు చేయాలి. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయాలున్నాయి. పాస్‌పోర్టులో, పదో తరగతి మెమోలో, జనన ధ్రువపత్రంలో పేరు ఒకేలా ఉందో లేదో ముందే సరిచూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం తెలుగువారి కాగితాల్లో తరచూ కనిపించే చిక్కు. దాన్ని సరిదిద్దడానికి నెలలు పట్టవచ్చు.

ఆమోదం వచ్చాక ప్రవేశ వీసా ప్రతిని సంస్థ విద్యార్థికి పంపిస్తుంది. హైదరాబాద్‌లోనూ ఒక ఖతార్ వీసా కేంద్రం ఉంది. ప్రయాణానికి ముందే వైద్య పరీక్షలు, వేలిముద్రలు పూర్తిచేయడానికి పెట్టిన ఈ కేంద్రాల ప్రధాన పని ఉద్యోగ వీసాలు. విద్యార్థి అక్కడికి వెళ్ళాలా వద్దా అన్న విషయంలో తన విద్యాసంస్థ చెప్పిన మాటను బట్టి నడుచుకోవాలి.

భారత చట్టం ప్రకారం ఉద్యోగానికి వెళ్ళేవారికి ఎమిగ్రేషన్ తనిఖీ (ఈసీఆర్) అవసరమైన దేశాల జాబితాలో ఖతార్ ఉంది. పదో తరగతి పాసైన వారి పాస్‌పోర్టుకు ఈ తనిఖీ వర్తించదు. చిన్నప్పుడు తీసుకున్న పాస్‌పోర్టుపై ఈసీఆర్ ముద్ర ఇంకా ఉంటే కొత్తది తీసుకునేటప్పుడు తొలగింపజేసుకోవడం మేలు.

సర్టిఫికెట్ల అటెస్టేషన్

మొత్తం ప్రక్రియలో ఎక్కువ కాలం తినేది ఇదే. పత్రాలపై ఒకే ముద్రతో సరిపెట్టే హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో భారత్ 2005 నుంచి ఉంది, ఖతార్ మాత్రం చేరలేదు. అందువల్ల అమెరికాకో జర్మనీకో పనికొచ్చే అపోస్టిల్ ఖతార్‌కు చాలదు. సర్టిఫికెట్ వరుసగా నాలుగు మెట్లు ఎక్కాలి. మొదటిది రాష్ట్ర ప్రభుత్వ స్థాయి ధ్రువీకరణ. రెండోది భారత విదేశాంగ శాఖ ముద్ర. మూడోది న్యూఢిల్లీలోని ఖతార్ రాయబార కార్యాలయం ముద్ర. చివరిది దోహా చేరాక ఖతార్ విదేశాంగ శాఖ ముద్ర. ఒక మెట్టు దాటనిదే తరువాతిది సాధ్యం కాదు.

అసలు సర్టిఫికెట్ కాలేజీలో చిక్కుకుని ఉంటే మొత్తం పని ఆగిపోతుంది. ఫీజు బకాయిల పేరుతో కాలేజీలు సర్టిఫికెట్లు ఇవ్వకుండా తిప్పడం మన రాష్ట్రాల్లో ఎందరో విద్యార్థులకు అనుభవమే. విదేశీ చదువు ఆలోచన ఉన్నవారు చివరి పరీక్ష ముగిసిన వెంటనే ఒరిజినళ్ళు తీసుకోవాలి. ఇంటర్ ఫలితాలకూ ఆగస్టుకూ మధ్య మిగిలేది మూడు నాలుగు నెలలే.

దోహా చేరాక

ప్రవేశ వీసా దేశంలోకి అడుగు పెట్టనిస్తుంది. అక్కడ ఉండటానికి హక్కునిచ్చేది నివాసానుమతి. చేరిన 30 రోజుల్లో దీని ప్రక్రియ పూర్తి కావాలి. మెడికల్ కమిషన్‌లో రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్-రే తీస్తారు. క్షయ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ వంటివి ఉన్నాయేమో చూస్తారు. వీటిలో ఏదైనా బయటపడితే నివాసానుమతి నిరాకరించవచ్చు. అందుకే బయలుదేరకముందే ఇక్కడ ఒకసారి పరీక్ష చేయించుకోవడం తెలివైన పని. పాత క్షయ మచ్చలున్నవారు చికిత్స కాగితాలు వెంట ఉంచుకోవాలి. ఆ తరువాత వేలిముద్రలు ఇస్తే ఖతార్ ఐడీ కార్డు వస్తుంది. అక్కడి మనవాళ్ళు దీన్నే బతాకా అంటారు. బ్యాంకు ఖాతాకూ, మొబైల్ సిమ్‌కూ, ఆసుపత్రికీ, అద్దె ఇంటికీ ఈ కార్డే ఆధారం. హోం శాఖ నడిపే మెట్రాష్ యాప్‌లో దాని గడువు చూసుకోవచ్చు.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చూపించుకోవడానికి హెల్త్ కార్డు తీసుకోవాలి. మందుల విషయంలో అతి జాగ్రత్త అవసరం. మన దగ్గర చీటీతో దొరికే కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులు, నిద్ర మాత్రలు అక్కడ నిషిద్ధ మాదకద్రవ్యాల కిందికి వస్తాయి. ట్రామడాల్, కోడీన్ ఉన్న మందులు ఆ కోవలోవే. డాక్టరు చీటీ లేకుండా వాటిని తీసుకెళ్ళడం జైలు దాకా దారితీయవచ్చు. ఊళ్ళో ఎవరో తమ వాళ్ళకు ఇమ్మన్న పొట్లం విప్పి చూడకుండా పట్టుకెళ్ళకూడదు. ఇది మొహమాటానికి చోటు లేని విషయం.

వరుసగా ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే నివాసానుమతి చెల్లకుండా పోతుంది. సెలవులు, ఇంటర్న్‌షిప్‌లు, అనారోగ్యం వల్ల ఎక్కువ కాలం ఇంటి దగ్గర ఉండవలసి వస్తే ముందే అనుమతి తీసుకోవాలి.

ఖర్చు, ఆర్థిక సాయం

ఖతార్ రియాల్ విలువ డాలరుకు 3.64గా స్థిరంగా ఉంది. కాబట్టి రూపాయి డాలరుతో పోలిస్తే పడినప్పుడల్లా దోహా ఫీజు కూడా మన లెక్కలో పెరుగుతుంది. ఎడ్యుకేషన్ సిటీలోని అమెరికా శాఖల ఫీజులు వాటి ప్రధాన ప్రాంగణాల స్థాయిలోనే ఉంటాయి. గల్ఫ్ కదా, తక్కువలో అయిపోతుందన్న అంచనా పొరపాటు.

ఊరటనిచ్చేది ఆర్థిక సాయం. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఖతార్ ఫౌండేషన్ సాయం అందిస్తుంది. అందులో వడ్డీ లేని రుణం ఒక భాగం. పట్టా పొందాక ఖతార్‌లో పనిచేస్తే ఆ రుణభారం తగ్గే వీలుంది. హమద్ బిన్ ఖలీఫా విశ్వవిద్యాలయం పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకు ఫీజు మినహాయింపులు, ఉపకారవేతనాలు ఇస్తుంది. అరబ్బీ మాతృభాష కానివారికి ఖతార్ విశ్వవిద్యాలయం నడిపే భాషా కోర్సుకు వసతితో కూడిన స్కాలర్‌షిప్ ఉంది. సాయం కోసం చేసే దరఖాస్తుకు సీటు దరఖాస్తుతో పాటే గడువు ఉంటుంది. సీటు వచ్చాక చూద్దామనుకుంటే చేజారిపోతుంది.

తెలంగాణ ప్రభుత్వం వివిధ వర్గాల విద్యార్థులకు 20 లక్షల రూపాయల దాకా ఇచ్చే విదేశీ విద్యానిధి పథకాలు నిర్దిష్ట దేశాల జాబితాకే పరిమితం. ఖతార్ సీటును నమ్ముకునే ముందు ఆ ఏటి జాబితాను చూడాలి. ఇక్కడి నుంచి ఫీజు పంపడానికి రిజర్వు బ్యాంకు విధించిన పరిమితి ఏడాదికి మనిషికి 2,50,000 డాలర్లు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటిన చదువు ఖర్చులపైనే మూలంలో పన్ను వసూలు చేస్తున్నారు. బ్యాంకు విద్యారుణంతో పంపే సొమ్ముకు ఆ పన్ను తీసేశారు.

చదువుతూ పని

స్పాన్సర్‌ను కాదని అనుమతి లేకుండా మరొకరి దగ్గర పనిచేయడం ఖతార్ చట్టం ప్రకారం నేరం. పగలు క్లాసు, రాత్రి హోటల్లో పని అన్న పద్ధతి అక్కడ చెల్లదు. ప్రాంగణంలో లైబ్రరీ సహాయకుడిగా, పరిశోధన సహాయకుడిగా సంస్థ ఇచ్చే పని చేసుకోవచ్చు. బయటి ఇంటర్న్‌షిప్‌కు సంస్థ ద్వారా అనుమతి పొందాలి. పార్ట్‌టైమ్ సంపాదనతో ఫీజు కట్టుకోవాలనే లెక్కతో వెళ్ళేవారికి ఖతార్ తగిన చోటు కాదు. చదువు ముగిసి ఉద్యోగం దొరికితే స్పాన్సర్‌షిప్ యజమాని పేరుకు మారుతుంది. దొరకకపోతే దేశం విడిచి రావాలి.

ఖతార్‌లో పెరిగిన తెలుగు పిల్లలు

దోహాలోని సీబీఎస్‌ఈ బడుల్లో చదివే తెలుగు పిల్లలది మరో కథ. తండ్రి లేదా తల్లి స్పాన్సర్‌షిప్ మీద ఉన్నవారికి కొత్త విద్యార్థి వీసా అక్కర్లేదు, ఉన్న ఐడీతోనే కళాశాలలో చేరవచ్చు. 2015 చట్టం ప్రకారం కొడుకుల్ని చదువు పూర్తయ్యేదాకా, 25 ఏళ్ళు మించకుండా, పెళ్ళికాని కూతుళ్ళనూ కుటుంబ స్పాన్సర్‌షిప్‌లో ఉంచవచ్చు. ఇంటిపెద్ద ఉద్యోగం పోతే మాత్రం మొత్తం కుటుంబం నివాసానికే ముప్పు. అలాంటప్పుడు పిల్లల స్పాన్సర్‌షిప్‌ను విద్యాసంస్థ పేరుకు మార్చుకునే అవకాశం గురించి కళాశాలను వెంటనే సంప్రదించాలి.

వీరిలో చాలామంది భారత్‌కు తిరిగి వస్తారు. జేఈఈ మెయిన్, నీట్ పరీక్షలకు దోహాలో కేంద్రాలుండటం వారికి మేలు చేసింది. ఎన్‌ఐటీల వంటి సంస్థల్లో ప్రవేశం కల్పించే దాసా పథకంలో గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు తక్కువ ఫీజుతో విడిగా సీట్లు కేటాయించారు. భారత్‌లో చేరినవారు దోహా నివాసానుమతి నిలుపుకోవాలంటే ఆరు నెలల్లోపు ఒకసారి వెళ్ళి రావాలి. అమెరికా వీసా కోరేవారు సొంత దేశంలోనో నివాసమున్న దేశంలోనో దరఖాస్తు చేయాలని అమెరికా 2025 సెప్టెంబర్‌లో స్పష్టం చేసింది. చెల్లుబాటులో ఉన్న ఖతార్ ఐడీ చేతిలో ఉంటే దోహాలోని ఆ దేశ రాయబార కార్యాలయాన్నే ఆశ్రయించవచ్చు.

భారతదేశంలో గుర్తింపు

విదేశీ డిగ్రీల సమానత్వంపై యూజీసీ 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది. వైద్యం, నర్సింగ్, న్యాయం, ఆర్కిటెక్చర్ వంటి వృత్తి విద్యలకు ఆయా మండళ్ళ నియమాలే వర్తిస్తాయి. విదేశంలో వైద్యం చదివి తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టాలనుకునేవారు నీట్ అర్హత పొంది ఉండాలి. 2021 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల ఇంగ్లీషు మాధ్యమ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. చేరకముందే ఈ లెక్క సరిపోతుందో లేదో చూసుకోకపోతే ఆరేళ్ళ శ్రమ చిక్కుల్లో పడుతుంది.

మోసాలు, జాగ్రత్తలు

గల్ఫ్ వలసను, ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చంటూ అమ్మే ఆజాద్ వీసా పేరుతో సొమ్ము చేసుకున్న దళారుల పద్ధతి చదువు రంగంలోకీ రావచ్చు. ఖతార్ విద్యార్థి వీసాను అమ్మజూపే ఏజెంటును గుర్తించడం కష్టం కాదు. విద్యాసంస్థ తన అధికారిక ఈమెయిల్ నుంచి ప్రవేశ లేఖ పంపిందా? ఫీజు సంస్థ ఖాతాలోకి వెళుతోందా, వ్యక్తి ఖాతాలోకా? ఖతార్ విద్యా, ఉన్నత విద్యా శాఖ గుర్తింపు ఆ సంస్థకు ఉందా? ముందు విజిట్ వీసా మీద వెళ్ళండి, అక్కడ మార్పిస్తాం అంటున్నారా? ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే నిజానిజాలు బయటపడతాయి. దోహాలో ఇబ్బంది ఎదురైతే భారత రాయబార కార్యాలయం, దాని ఆధ్వర్యంలో 1984 నుంచి సేవలందిస్తున్న ఇండియన్ కమ్యూనిటీ బెనవలెంట్ ఫోరం ఉన్నాయి.

కార్మికుల చెమటతో తెలుగువారికి పరిచయమైన దేశంలో వారి పిల్లలు ప్రయోగశాలల్లో, గ్రంథాలయాల్లో కూర్చుని చదువుకోవడం సంతోషించదగ్గ పరిణామం. అందుకు కావలసిన సమాచారం పట్నాల్లోని ఖరీదైన కన్సల్టెన్సీలకే పరిమితం కాకూడదు. మండల కేంద్రంలోని జూనియర్ కాలేజీకీ, గల్ఫ్ నుంచి డబ్బు పంపే తండ్రికీ అది చేరాలి. సీటు సంపాదించగల పిల్లలకు వీసా తెప్పించే బాధ్యత సంస్థదేనన్న ఒక్క విషయం తెలిస్తే చాలు, దళారి గడప తొక్కే కుటుంబాలు తగ్గుతాయి.